జీన్ ఎడిటింగ్ కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం. మా చెల్లిని చిన్నమావయ్యకే ఇచ్చాం. వాళ్ల పాపకి ఐదేళ్లు, తలసీమియా మేజర్. మూడు వారాలకోసారి శ్రీకాకుళం తీసుకెళ్లి రక్తం ఎక్కిస్తున్నాం. ఈమధ్య ఒకాయన పరిచయమయ్యాడు. జీన్ ఎడిటింగ్ అని కొత్త వైద్యం వచ్చింది, ఒక్కసారి చేయిస్తే ఇక రక్తం ఎక్కించక్కర్లేదు, పెద్ద సిటీలో నేను చేయిస్తాను, ముందు ఎనిమిది లక్షలు కట్టాలి అంటున్నాడు. నాన్న రోడ్డు పక్క ఎకరం అమ్మేద్దామంటున్నారు. ఇంకోటి, ఉప్పు మడుల వైపు మాకు ఎకరంన్నర ఉంది, సరిగ్గా పండదు. ఉప్పునేలలో పండే జీన్ ఎడిటింగ్ వరి వచ్చిందని ఒక ఏజెంటు కిలో మూడొందలకి విత్తనం ఇస్తానంటున్నాడు. జన్యువులు మార్చిన అన్నం తింటే మనకేమవుతుందోనని అమ్మకి భయం. మేనరికం వల్లే పాపకిలా అయిందని ఊళ్లో అందరూ చెల్లిని అంటున్నారు. నాకూ పెద్దమావయ్య కూతురిని అనుకున్నారు. పేరు వెయ్యొద్దు. ఏం చెయ్యమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు పొలం సంగతి. ఆ ఎకరం అమ్మొద్దు, అతనికి రూపాయి అడ్వాన్సు ఇవ్వొద్దు. నువ్వు ఇదంతా చదివేలోపు మీ నాన్నగారు ఎవరితోనైనా బేరం తెంపేసుకుంటారేమోనని నా భయం, అందుకే మొదటే చెప్పేస్తున్నాను. పాప వైద్యానికి నిజంగానే డబ్బు అవసరమయ్యే దారి ఒకటి ఉంది, కానీ అది అతను చెప్పిన దారి కాదు.

అతను చెప్పినదాంట్లో సగం నిజం. మీరు నమ్మింది కూడా అందుకే, కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను. జీన్ ఎడిటింగ్ వైద్యం ఉంది, తలసీమియాకే ఉంది. దీనికి వాడే క్రిస్పర్ పద్ధతిని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంతియే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు, 2020లో ఇద్దరికీ కెమిస్ట్రీలో నోబెల్ వచ్చింది. తమ మీదికొచ్చే వైరస్‌ల డీఎన్‌ఏని ముక్కలు చెయ్యడానికి బ్యాక్టీరియా వాడుకునే ఏర్పాటు అది. కాస్9 అనే ప్రోటీన్ డీఎన్‌ఏని కోస్తుంది, ఎక్కడ కొయ్యాలో చెప్పేది గైడ్ ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ముక్క. సర్వే నంబరు చెబితే సర్వేయరు ఊరంతా తిరక్కుండా సరిగ్గా ఆ చెక్క దగ్గరికే వచ్చి గొలుసు వేసినట్టు, గైడ్‌లోని 20 అక్షరాలు ఎక్కడ సరిపోతే కాస్9 అక్కడ ఆగి కోస్తుంది. కోసినచోట కణం తనే అతికించుకుంటుంది, ఆ అతుకులో ఒకటో రెండో అక్షరాలు పోవడమో చేరడమో జరిగి ఆ జన్యువు పని ఆగిపోతుంది. ఒక్కోసారి ఇంచుమించు అలాగే ఉన్న ఇంకో చోట కూడా కోసేసే ప్రమాదం ఉంది, అందుకే మనుషుల మీద వాడేముందు ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తారు.

ఇప్పుడు పాప విషయం. పుట్టినప్పుడు బాగానే ఉండి, ఐదారు నెలలు నిండాక పాలిపోవడం మొదలై ఉంటుంది, అవునా? తలసీమియా మేజర్ పిల్లలందరిలోనూ దాదాపు ఇంతే. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, దాన్ని ఫీటల్ హిమోగ్లోబిన్ అంటారు. పుట్టాక కొన్ని నెలల్లో అది తగ్గిపోయి పెద్దవాళ్ల రకం రావాలి, మీ పాపలో ఆ రెండోదాన్ని తయారుచేసే జన్యువే చెడిపోయింది. ఆ మొదటిదాన్ని ఆపెయ్యమని చెప్పే జన్యువు పేరు బీసీఎల్11ఏ. శాస్త్రవేత్తలు చెడిపోయిన జన్యువు జోలికి వెళ్లలేదు. రక్తాన్ని పుట్టించే మూలకణాల్లో ఈ బీసీఎల్11ఏ పనిచెయ్యకుండా కోసేశారు, దాంతో ఫీటల్ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవడం మొదలైంది. ఈ వైద్యం పేరు కాస్‌జెవీ. 2023 నవంబరులో బ్రిటన్ ఒప్పుకుంది. అమెరికా అదే ఏడాది డిసెంబరులో ఇంకో రక్తజబ్బు అయిన సికిల్ సెల్‌కి, 2024 జనవరిలో తలసీమియాకి అనుమతి ఇచ్చింది. తలసీమియా ట్రయల్‌లో ఏడాదికి పైగా గమనించిన 35 మందిలో 32 మందికి కనీసం పన్నెండు నెలలపాటు రక్తం ఎక్కించాల్సిన అవసరమే రాలేదు. ఇది చిన్న సంగతి కాదు, ఇలాంటి పిల్లల్ని చూసుకునే ఏ ఇంటికైనా ఈ లెక్క కన్నీళ్లు తెప్పిస్తుంది.

కానీ ఆ వైద్యం ఎలా చేస్తారో కూడా వినాలి. మూలకణాల్ని రక్తంలోంచి వేరుచేసి ఫ్యాక్టరీకి పంపుతారు, ఎడిట్ చేసి వెనక్కి పంపడానికి నెలలు పడుతుంది. అవి వచ్చాక బుసల్ఫాన్ అనే గట్టి కీమో ఇచ్చి ఎముకల్లోని పాత మజ్జని ఖాళీ చేసి, అప్పుడు ఎక్కిస్తారు. జుట్టు రాలిపోతుంది, నోరు పూసిపోతుంది, ఇన్ఫెక్షన్ల భయంతో వారాల తరబడి ఆసుపత్రిలో విడిగా ఉంచాలి, పెద్దయ్యాక పిల్లలు పుట్టకపోయే ప్రమాదం కూడా ఉంది. మొదట అనుమతి వచ్చింది 12 ఏళ్లు నిండినవాళ్లకి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, మన డబ్బులో 18 కోట్లకి పైమాటే. మన దేశంలో తలసీమియాకి డబ్బు కట్టి చేయించుకునే జీన్ ఎడిటింగ్ వైద్యం ఏ ఆసుపత్రిలోనూ లేదు. మరి ఐదేళ్ల పాపకి ఎనిమిది లక్షల్లో ఏం చేయిస్తానంటున్నాడు?

అతన్ని అడగండి. ఆసుపత్రి పేరేంటి, డాక్టరు పేరేంటి, ఇది ట్రయల్ అయితే ప్రభుత్వ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐ నంబరు ఎంత. మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్‌నీ సీటీఆర్‌ఐలో రిజిస్టర్ చెయ్యాలి, అది వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు, ట్రయల్‌లో ఇచ్చే కొత్త మందుకి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. వీటికి జవాబు రాకపోయినా, ‘రేపటిలోగా కట్టకపోతే సీటు పోతుంది’ అన్నా ఇంక మాట్లాడేదేం లేదు. తర్వాతి బిడ్డకి కడుపులోనే జన్యువు సరిచేస్తామని చెప్పేవాళ్లు కూడా తగులుతారు, వాళ్లనీ నమ్మొద్దు. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త పిండాల జన్యువులు మార్చి కవలల్ని పుట్టించాడు, ప్రపంచమంతా మండిపడింది, 2019లో అక్కడి కోర్టు మూడేళ్ల జైలు వేసింది. మన దగ్గర కూడా అది నిషిద్ధం.

ఆశ వదులుకోమని మాత్రం నేను చెప్పట్లేదు. ఢిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు సికిల్ సెల్‌కి స్వదేశీ క్రిస్పర్ వైద్యం మీద పనిచేస్తున్నారు. దానికి బిర్సా 101 అని పేరు పెట్టి 2025 నవంబరులో ప్రకటించారు, తక్కువ ధరలో తయారుచెయ్యడానికి సీరం ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందమూ అయింది. సీతంపేట, కురుపాం కొండల్లోని కుటుంబాలకి ఇది ఎంత అవసరమో అక్కడ పనిచేసిన డాక్టర్లెవరిని అడిగినా చెబుతారు. సికిల్ సెల్‌కి పనిచేసే ఈ పద్ధతి తలసీమియా వైపూ వచ్చే అవకాశం ఉంది. అమెరికాలో 2025లో కేజే అనే పసివాడికి లివర్ కణాల జన్యువులోని ఒక్క అక్షరం తప్పుని సరిచెయ్యడానికి, వాడి ఒక్కడి కోసమే ఆరు నెలల్లో మందు తయారుచేసి ఇచ్చారు. మీ పాపకి ఐదేళ్లే. పదిహేనేళ్లు వచ్చేసరికి ఏం అందుబాటులోకి వస్తుందో చెప్పలేం, అప్పటిదాకా దాని గుండె, లివర్ పాడవకుండా చూసుకోవడమే ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని.

నీ ఉత్తరంలో రక్తం గురించి ఉంది గానీ ఐరన్ తగ్గించే మందు గురించి ఒక్క మాట లేదు. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది అక్కడే. ఎక్కించే ప్రతి రక్తం బ్యాగుతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లోకి వెళ్తుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, లివర్‌లో, ఎదుగుదల హార్మోన్లు తయారుచేసే గ్రంథుల్లో పేరుకుపోతుంది. తలసీమియా పిల్లల్ని పెద్దయ్యాక దెబ్బతీసేది ఎక్కువగా ఈ ఐరనే. ఒంట్లో ఐరన్ ఎంత పేరుకుందో చెప్పే సీరం ఫెరిటిన్ పరీక్ష ఎప్పుడు చేయించారు? అది 1000 దాటితే సాధారణంగా డెఫెరాసిరాక్స్ లాంటి మందు మొదలుపెడతారు, రోజూ వాడాలి, మధ్యమధ్యలో కిడ్నీ, లివర్ పరీక్షలు చేయించాలి. ఇప్పటికే వాడుతుంటే సంతోషం. లేకపోతే ఈసారి రక్తానికి వెళ్లినప్పుడు ముందు ఇదే అడగండి. రక్తం ఎక్కించేముందు హిమోగ్లోబిన్ ఎంత ఉందో ప్రతిసారీ ఒక పుస్తకంలో రాసిపెట్టండి, 9కీ 10.5కీ మధ్య ఉండేలా చూస్తారు, అలా ఉంటేనే పాప ఆడుకుంటుంది, ఎదుగుతుంది. రక్తం తక్కువుందని ఎవరో చెప్పారని ఐరన్ టానిక్ మాత్రం పట్టించొద్దు, చుట్టాల్లో ఎవరో ఒకరు తెచ్చిచ్చేస్తూ ఉంటారు.

పూర్తిగా నయం చేసే దారి మన దేశంలోనే ఒకటి ఉంది, బోన్ మ్యారో మార్పిడి. డబ్బు నిజంగా అవసరమయ్యేది దీనికి. సొంత తోబుట్టువు మజ్జ సరిపోతే ఫలితాలు బాగుంటాయి, చిన్న వయసులో, ఐరన్ పేరుకోకముందు చేస్తే ఇంకా బాగుంటాయి. ఒక్కో తోబుట్టువుకి సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. పాపకి తోబుట్టువులెవరైనా ఉన్నారా అన్నది నువ్వు రాయలేదు. ఉంటే మజ్జ సరిపోతుందో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించండి. సరిపోతే కోల్ ఇండియా డబ్బుతో నడిచే తలసీమియా బాల్ సేవా యోజన కింద 10 లక్షల వరకు సాయం వస్తుంది, వెల్లూరు సీఎంసీ లాంటి ఆసుపత్రుల్లో చేస్తారు, వయసుకీ ఆదాయానికీ పరిమితులున్నాయి కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు. ఆ సాయం పోను పై ఖర్చులుంటాయి, నెలల తరబడి అక్కడే గది తీసుకుని ఉండాలి. అప్పటికి ఆ ఎకరం మీ చేతిలో ఉండాలి. తలసీమియా 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఉంది, సర్టిఫికెట్ తీసుకోండి, పింఛను సంగతి సచివాలయంలో అడగండి.

ఉద్దానం నుంచి రాసేవాళ్లు కిడ్నీ జబ్బుకీ ఇది పనిచేస్తుందా అని అడుగుతుంటారు. లేదు. అక్కడి జబ్బుకి అసలు కారణమే ఇంకా తేలలేదు, సరిచెయ్యడానికి ఫలానా జన్యువు అంటూ చేతికి దొరకలేదు.

ఇక విత్తనం. ఇక్కడా అంతే, సగం నిజం. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జీనోమ్ ఎడిటెడ్ వరి రకాల్ని ప్రకటించారు. రెండూ మన ఆంధ్రా వరి నుంచే వచ్చాయి. ఒకటి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల అంటారు, అది బాపట్లలో పుట్టిన సాంబమసూరిని ఎడిట్ చేసింది. గింజల సంఖ్యని తగ్గించే జన్యువుని ఆపేశారు కాబట్టి వెన్నుకి గింజలు ఎక్కువ, కోత ఇరవై రోజులు ముందే వస్తుందంటున్నారు, దిగుబడి ఎకరాకి సుమారు 18 క్వింటాళ్ల నుంచి 22 దగ్గరికి పెరిగిందని సంస్థ చెప్పిన లెక్క. రెండోది ఢిల్లీ పూసా సంస్థ తయారుచేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1, మారుటేరు 1010 నుంచి, అదే మనవాళ్ల కాటన్‌దొర సన్నాలు. ఆకు మీద నీరు ఆవిరయ్యే రంధ్రాలు తగ్గేలా ఒక జన్యువుని ఆపేశారు, అందుకే నీటి ఎద్దడినీ ఉప్పునీ కొంత ఓర్చుకుంటుంది. మీ ఏజెంటు దీన్ని పట్టుకునే మాట్లాడుతున్నాడు. ఈ పరీక్షల లెక్కల మీద కొన్ని సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి, కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ అవి తప్పని జవాబిచ్చింది. నా మటుకు నాకు, రాగోలు పరిశోధన స్థానం మళ్లలో ఆ రకాన్ని రెండు సీజన్లు చూశాకే మనవాళ్లు వెయ్యాలనిపిస్తుంది.

ప్రకటించగానే విత్తనం బజార్లోకి రాదు. బ్రీడరు విత్తనం, దాన్నుంచి ఫౌండేషన్, దాన్నుంచి సర్టిఫైడ్, ఇలా మెట్టు మెట్టుకి ఒక పంట కాలం పడుతుంది. సర్టిఫైడ్ సంచికి నీలం ట్యాగు ఉంటుంది, ఫౌండేషన్‌కి తెల్లది, బ్రీడరుకి పసుపుది. ట్యాగు మీద రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం ఉండాలి. ట్యాగు లేని సంచి, బిల్లు ఇవ్వని మనిషి, కిలో మూడొందలు, ఈ మూడూ కలిస్తే అది మామూలు 1010 అయ్యుండొచ్చు, ఏదో గిడ్డంగిలో మిగిలిపోయిన ధాన్యమే అయ్యుండొచ్చు. ముందు రైతు సేవా కేంద్రంలో ఆ రకం పేరు చెప్పి అడగండి, అక్కడ లేకపోతే ఆముదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి (కేవీకే) ఫోన్ చెయ్యండి.

ఆ ఎకరంన్నరకి ఎడిటింగ్ లేకుండానే చెయ్యగలిగింది చాలా ఉంది. ముందు మట్టి పరీక్ష, అందులో ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ, క్షారం ఎంతుందో చెప్పే పీహెచ్ రెండూ చూడాలి. ఈసీ 4 దాటి పీహెచ్ 8.5 లోపు ఉంటే పాలచౌడు, దానికి మంచినీరు కట్టి ఉప్పుని కిందికి దించి కాలవలోకి తీసెయ్యాలి, జిప్సం అక్కర్లేదు. పీహెచ్ 8.5 దాటితే కారుచౌడు, దానికి జిప్సం కావాలి. ఉప్పు మడుల పక్క కాబట్టి మొదటిదే అయ్యుంటుంది అనుకుంటున్నాను, కానీ పరీక్ష లేకుండా నా మాట మీద ఏమీ చెయ్యొద్దు. వరికి ఉప్పు బాగా తగిలేది రెండుసార్లు, మొలకెత్తాక లేత నారు దశలో ఒకసారి, పూత దశలో ఒకసారి. అందుకే ఆ మడిలో ఎద చల్లకండి. మంచినేలలో ఆకుమడి పోసి, నారు ముదరనిచ్చి, ముప్పై రోజులు దాటాక, కుదురుకి మూడు నాలుగు మొక్కల చొప్పున ఉభాలు వెయ్యండి. గట్టు ఎత్తు చేసుకుంటే వానాకాలం మంచినీరు మడిలో నిలిచి ఉప్పుని తొక్కిపెడుతుంది. ముందు జీలుగ చల్లి కలియదున్నితే ఇంకా మంచిది. బందరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంసీఎం 100 లాంటి చౌడుని తట్టుకునే రకాలు మామూలు పద్ధతిలోనే తయారయ్యాయి, వాటి గురించి కేవీకేలో అడగండి.

అమ్మకి ఇలా చెప్పు. మనం రోజూ తినే అన్నంలో, వంకాయలో, చేపలో, అన్నింటిలోనూ జన్యువులున్నాయి, అవి కడుపులో అరిగిపోతాయి, మన జన్యువుల్ని మార్చవు. బీటీ పత్తిలో బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు ఉంటుంది. ఈ రెండు వరి రకాల్లో బయటి జన్యువు మిగల్లేదు, ఎడిటింగ్‌కి వాడిన కాస్9ని తర్వాతి తరాల్లో ఏరి తీసేశారు. 2022 మార్చిలో కేంద్రం ఇలాంటి రకాల్ని జీఎం పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు మరీ సులువైపోయిందనీ, రుచి, పోషకాలు, అలర్జీల పరీక్షల వివరాలు జనం ముందు పెట్టాలనీ అడిగేవాళ్లున్నారు, అలా అడగడం న్యాయమే. విత్తనం మీద పేటెంటు హక్కులు ఎవరివో, రైతు మళ్లీ దాచుకుని వేసుకోవచ్చో లేదో కూడా స్పష్టంగా చెప్పాలి, ఇది మనలాంటి చిన్న రైతులకి తిండి భయం కంటే పెద్ద ప్రశ్న.

చివరిగా చెల్లి సంగతి, నీ సంగతి. ఊళ్లో వాళ్లకి చెప్పు, పాపకి ఆ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. ఇద్దరూ క్యారియర్లు, అంటే చెడిపోయిన జన్యువు ఒక వైపు నుంచే వచ్చినవాళ్లు, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు, ఇద్దరికీ తెలియదు. ఒక్క చెల్లిని అనడం అన్యాయం. మేనరికం జబ్బుని పుట్టించదు, ఒకే ఇంట్లో తిరుగుతున్న జన్యువు రెండు వైపుల నుంచీ కలిసే అవకాశాన్ని పెంచుతుంది. సంబంధం లేని ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకున్నా ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం అంతే. చెల్లి మళ్లీ నెల తప్పితే మూడో నెలలోనే కడుపులో బిడ్డకి పరీక్ష చేయించుకునే వీలుంది, దానికి ముందే వాళ్లిద్దరి జన్యు రిపోర్టులు సిద్ధంగా ఉండాలి.

నీ విషయంలో లెక్క ఇలా ఉంది. చెల్లి క్యారియర్ కాబట్టి మీ అమ్మానాన్నల్లో ఒకరైనా క్యారియర్, కాబట్టి నీకూ సగానికి సగం అవకాశం. చిన్నమావయ్య కూడా క్యారియర్ అంటే ఆ జన్యువు మీ అమ్మ పుట్టింటి వైపు ఉందన్నమాట, పెద్దమావయ్యకీ ఉండొచ్చు, ఆయన కూతురికీ ఉండొచ్చు. లగ్నం పెట్టుకోకముందే మీరిద్దరూ హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్ష చేయించుకోండి, జీవితంలో ఒక్కసారి చాలు. అందులో హెచ్‌బీఏ2 అనే అంకె 3.5 దాటితే సాధారణంగా క్యారియర్ అని అర్థం, ఐరన్ లోపం ఉంటే ఆ అంకె తగ్గి కనబడొచ్చు కాబట్టి రిపోర్టు డాక్టరుకే చూపించండి. ఒకరికే ఉంటే పెళ్లికి అడ్డేమీ లేదు. ఇద్దరికీ ఉంటే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి, పెళ్లి వద్దనుకోవడం ఒక దారి, చేసుకుని ప్రతి కాన్పుకీ ముందే పరీక్ష చేయించుకోవడం ఇంకో దారి, ఆ నిర్ణయం నీదీ ఆ అమ్మాయిదీ. పెద్దమావయ్యతో ఈ మాట ఎత్తడం నీకు కష్టంగా ఉంటే, పాపని చూసే డాక్టరు దగ్గరికే ఆయన్ని ఒకసారి తీసుకెళ్లు, ఆ డాక్టరు చెబితే వింటారు.